36 అంగుళాల గూట్లో 600 లీటర్ల ఫ్రిజ్: సైడ్ బై సైడా, ఫ్రెంచ్ డోరా?

వంటింటి_కొలత

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మాది పై అంతస్తు. వంటింట్లో వుడ్‌వర్క్ నడుస్తోంది. ఫ్రిజ్ గూడుకి ఇంకా లామినేట్ వెయ్యలేదు, మార్చాలంటే ఇప్పుడే మార్చాలి. ఇప్పటి కొలతలు: వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 6 అడుగులు, లోతు 24 అంగుళాలు. ఎడమ పక్క గోడ, అది గూడు దాటి ముందుకు వస్తుంది. కుడి పక్క టాల్ యూనిట్. పైన లాఫ్ట్.

చూసినవి రెండు, రెండూ 600 లీటర్ల పైమాటే. ఒకటి సైడ్ బై సైడ్, ఇంకోటి కింద ఫ్రీజర్ ఉన్న ఫ్రెంచ్ డోర్. రెండింటి వెడల్పూ 91.2 సెం.మీ., ఎత్తు 179, తలుపులతో కలిపి లోతు 72. 36 అంగుళాలంటే 91.4 కాబట్టి పట్టేస్తుందంటున్నాడు కార్పెంటర్.

ఇంట్లో ఐదుగురం. దోసెల పిండి, పెరుగు, పాలు, ఆకుకూరలు ఎక్కువ. ఫ్రీజర్‌లోకి వెళ్లేవి ఐస్, కొబ్బరి తురుము, బఠాణీలు, ఎప్పుడైనా చికెన్. మాకు ఏది నయం? ఐస్ మేకర్‌కి నీళ్ల లైన్ లాగించాలా? నీళ్లు బోరువి, తాగడానికి ఆర్ఓ ఉంది. షాపులో స్టెబిలైజర్ కూడా తప్పనిసరి అంటున్నారు, నిజమేనా? ఇంకోటి: వంటింటి గుమ్మం 32 అంగుళాలు, లిఫ్ట్ తలుపు 80 సెం.మీ. లోపలికి వస్తుందా అసలు?

ప్లైవుడ్_పద్దు

91.4లో 91.2 దూరుతుందేమో గానీ, మళ్లీ బయటికి లాగాలంటే ప్యానెల్ విప్పాలి. టైల్ కాస్త వాలుగా ఉన్నా, లామినేట్ అంచు పట్టీ మందం కలిసినా ఆ 2 మి.మీ. కూడా మిగలదు. సరే, దూరడం సంగతి వదిలేయండి. ఇప్పటి ఫ్రిజ్‌లకి వెనకాల నల్ల జాలీ ఉండదు, వేడి బయటికి పంపే గొట్టాలు రెండు పక్కల రేకు లోపలే ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకు 45–50 డిగ్రీల దాకా వేడెక్కడం మామూలే. దానికి ప్లైవుడ్ ఆనిస్తే వేడి వెళ్లే దారి ఉండదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, కొన్నేళ్లకి లామినేట్ కూడా ఊడొస్తుంది.

మీరు కొనబోయే మోడల్ మాన్యువల్‌లో రాసిన ఖాళీయే చివరి మాట. అందులో లేకపోతే పక్కలకి 2.5 సెం.మీ. చొప్పున, వెనక 5, పైన 5 నుంచి 10 వదలండి. 91.2 ఫ్రిజ్‌కి గూడు 38 అంగుళాలకి తగ్గకూడదు, 39 అయితే హాయి. ఎత్తు 6 అడుగులంటే 182.9, పైన నాలుగు సెం.మీ. కూడా మిగలదు. లాఫ్ట్ అడుగు పలకని 189 దాకా ఎత్తించండి. ఆ లాఫ్ట్ వెనక అంచు గోడకి అంటుకోకుండా 2 అంగుళాల సందు వదిలి, పై షట్టర్‌లోనో లాఫ్ట్ పైభాగంలోనో గ్రిల్ పెట్టించండి. వెనక నుంచి పైకి లేచే వేడిగాలికి ఆ సందు తప్ప వేరే దారి ఉండదు. బయటికి పోయే దారి లేకుండా పక్కన ఎంత ఖాళీ ఇచ్చినా ఉపయోగం లేదు.

ఇప్పుడు ఎడమ గోడ. మీ గూట్లో అసలు చిక్కు ఇదే, షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. తలుపు 90 డిగ్రీలే తెరుచుకుంటే లోపలి కూరగాయల డ్రాయర్ తలుపు లోపలి వైపు అరలకి తగిలి సగంలో ఆగిపోతుంది. డ్రాయర్ పూర్తిగా రావాలంటే తలుపు 110 నుంచి 120 డిగ్రీలు తిరగాలి. ఫ్రెంచ్ డోర్ రెక్క ఒక్కోటి సుమారు 45 సెం.మీ. 110 డిగ్రీలకి దాని కొస ఫ్రిజ్ అంచు దాటి పక్కకి 15 సెం.మీ. వెళ్తుంది, 120కైతే 22 దాకా. అంటే గోడకి, ఫ్రిజ్‌కి మధ్య కనీసం 15 కావాలి. గూడు కుడివైపు జరపడం కుదిరితే జరిపి, ఆ ఎడమ ఖాళీలో 15 సెం.మీ. బాటిల్ పుల్‌అవుట్ (సీసాలు పెట్టుకునే, బయటికి లాగే సన్న అర) పెట్టించుకోండి. కుదరకపోతే ఫ్రిజ్‌ని ముందుకి లాగి గోడ అంచుతో సమంగా పెట్టాలి, చూడ్డానికి బాగోదు.

లోతుకి కూడా ఇదే లెక్క. తలుపులు లేకుండా బాడీ లోతు 62 అనుకుంటే, వెనక 5తో కలిపి 67. టాల్ యూనిట్ 60 సెం.మీ. లోతు కాబట్టి తలుపు మందమంతా దాని ముఖం దాటి బయటే ఉంటుంది. అలాగే ఉండాలి. ఫ్లష్‌గా కనిపించాలని లోపలికి తోయించారంటే కుడి తలుపు ప్యానెల్‌కి కొట్టుకుంటుంది.

గుమ్మం, లిఫ్ట్ సంగతి: తలుపులు, హ్యాండిళ్లు విప్పితే 62 సెం.మీ. వైపు నుంచి 80లో సులువుగా వస్తుంది. విప్పడం, బిగించడం ఇన్‌స్టలేషన్‌లో భాగమేనా, వేరే డబ్బులా అన్నది కొనేటప్పుడే రాయించుకోండి. డెలివరీకి వచ్చే కూలీలు తలుపులు ముట్టుకోరు.

కాయిల్_కబుర్లు

మీ వాడకానికి ఫ్రెంచ్ డోరే. సైడ్ బై సైడ్‌లో మొత్తం లీటర్లలో మూడో వంతు పైనే ఫ్రీజర్‌కి పోతుంది. మీరు అందులో పెట్టేది కొబ్బరి తురుము, బఠాణీలు. పైగా నిలువుగా చీల్చిన పెట్టె కాబట్టి ఫ్రిజ్ వైపు షెల్ఫ్ వెడల్పు 40–45 సెం.మీ. దగ్గర ఆగుతుంది. దోసెల పిండి గిన్నె పడుతుంది గానీ దాని పక్కన పెరుగు గిన్నె పట్టదు. పెళ్లి భోజనం మిగిలిన పళ్లెమో, పుట్టినరోజు కేకు డబ్బానో అయితే ఇక చెప్పక్కర్లేదు. వారానికి సరిపడా చేపలు, మాంసం తెచ్చి దాచుకునే ఇంటికైతే సైడ్ బై సైడ్ బాగా నప్పుతుంది. బ్రోచర్‌లో గ్రాస్ (మొత్తం) కాదు, నెట్ (నిజంగా వాడుకోగలిగే) లీటర్లు చూడండి.

రంగు, టచ్ స్క్రీన్ చూసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎవాపరేటర్ (లోపల చల్లదనం పుట్టించే కాయిల్) ఒకటా, రెండా? ఒకటే ఉంటే ఫ్రీజర్‌లోని కాయిల్ నుంచే ఫ్యాన్ చల్లగాలిని డ్యాంపర్ (తెరుచుకుని మూసుకునే చిన్న రెక్క) గుండా పై గదికి పంపుతుంది. ఆ గాలి బాగా పొడిగా ఉంటుంది, కొత్తిమీర త్వరగా వాడిపోతుంది. తరిగిన ఉల్లిపాయ వాసన ఐస్‌కీ పడుతుంది. రెండుంటే ఏ గది గాలి ఆ గదిదే. ధర ఎక్కువ, దానికి తగ్గ పని కూడా చేస్తుంది. ఇంకొకటి, వెనక స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ ‘టీ’ ఉందేమో చూడండి. అది 43 డిగ్రీల గది వేడి దాకా అని. ‘ఎన్’ అంటే 32 దాకానే, మన మే నెలకి చాలదు.

నీళ్ల లైన్: వద్దు. ప్లంబింగ్ కనెక్షన్ ఉన్న ఫ్రిజ్‌లు సాధారణంగా కనీసం 20 పీఎస్ఐ ఒత్తిడి అడుగుతాయి, అంటే దాదాపు 1.4 బార్. ఓవర్‌హెడ్ ట్యాంక్‌తో 1 బార్ రావాలంటే నీటి మట్టం కుళాయికి 10 మీటర్ల పైన ఉండాలి. మీది పై అంతస్తు, మహా అయితే 3 మీటర్లు, 0.3 బార్. ఐస్ చిన్న చిన్న పలుకుల్లా వస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, లోపలి సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే నీళ్ల వాల్వు) గట్టిగా మూసుకోవడానికి కూడా నీటి ఒత్తిడే ఆధారం. అది లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక చుక్క చుక్క కారుతుంది, ఐస్ ట్రే పొంగి ఫ్రీజర్‌లో మంచు దిమ్మ తయారవుతుంది. దాన్ని జనం ‘గ్యాస్ సమస్య’ అనుకుంటారు. ఆర్ఓ మెషీన్ ట్యాంక్ నుంచి లాగినా అంతే, అదీ బరువు మీద పారే నీళ్లే. బూస్టర్ పంపు పెడితే పని చేస్తుంది, కానీ బోరు నీళ్లు మాత్రం నేరుగా ఇవ్వకండి. ఫ్రిజ్‌లోది కార్బన్ ఫిల్టర్, క్లోరిన్ వాసన తీస్తుంది తప్ప టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) తగ్గించదు. వాల్వులో సున్నం పేరుకుంటుంది. లోపల ట్యాంక్ ఉండి చేత్తో నీళ్లు పోసుకునే మోడల్ తీసుకోండి. ఆర్ఓ నీళ్లే పోయండి, వారానికోసారి ట్యాంక్ కడగండి.

స్టెబిలైజర్: ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్‌ల బాడీ మీద పనిచేసే వోల్టేజీ పరిధి రాసి ఉంటుంది. సాయంత్రం ఏడింటప్పుడు, తెల్లవారుజామున మల్టీమీటర్‌తో కొలవండి. రెండుసార్లూ ఆ పరిధిలోనే ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో అసలు భయం న్యూట్రల్ వదులవడం. అప్పుడు ఒక్కో ఫ్లాట్‌కి 350 వోల్టులు కూడా రావచ్చు, పీసీబీ (ఫ్రిజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) ఒక్క క్షణంలో పోతుంది. ఎక్కువ వోల్టేజీ వస్తే లైన్ కట్ చేసే ప్రొటెక్టర్ డీబీలో (ఇంటి మెయిన్ స్విచ్ బోర్డులో) పెట్టించండి. పదేళ్ల వారంటీ కంప్రెసర్ ఒక్కదానికే ఉంటుంది సాధారణంగా, పీసీబీకి కాదు.

ఎర్త్_లైన్

పైదానికి కరెంటు సంగతులు కలుపుతున్నాను. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, దానికంటూ సొంత ఎంసీబీ (లోడు మించితే పడే స్విచ్). సాకెట్ ఫ్రిజ్ వెనక పెట్టకండి, ప్లగ్ తియ్యాలంటే 120 కిలోల పెట్టెని లాగాలి. టాల్ యూనిట్ లోపలో, లాఫ్ట్ కిందో చెయ్యి అందేచోట పెట్టించండి. ఎర్త్‌కి, న్యూట్రల్‌కి మధ్య వోల్టేజీ 2–3 దాటితే ఎర్తింగ్ చూపించండి. కరెంటు పోయినప్పుడు వాడే స్క్వేర్ వేవ్ బ్యాటరీ ఇన్వర్టర్ మీద ఈ ఫ్రిజ్ వద్దు. ఇంటికంతా ఒకటే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) ఉంటే ఫ్రిజ్‌కి విడిగా ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ కలిసినది) అడగండి. ఎందుకంటే మీరు ఊరెళ్లినప్పుడు గీజర్ లీకేజీకి మెయిన్ పడితే ఫ్రిజ్‌లోదంతా పోతుంది.

విశాఖ_ఉక్కపోత

ఫ్రెంచ్ డోర్ తీసుకుంటే ఒక్క మాట. రెండు తలుపుల మధ్య మడత పడే నిలువు పట్టీ ఉంటుంది కదా, అందులో చిన్న హీటర్ ఉంటుంది, చెమట పట్టకుండా. ఎనర్జీ సేవర్ నొక్కితే కొన్ని మోడళ్లలో ఆ హీటర్ ఆగిపోతుంది. సముద్రం పక్కన మాకు ఏడాదంతా, మీకు ఆగస్టులో పట్టీ మీద నీళ్లు కారతాయి. గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) పోయిందని మార్పించే ముందు ఆ మోడ్ తీసి ఒకరోజు చూడండి. ఎడమ తలుపు వేసేముందు పట్టీ లోపలికి మడిచి ఉండాలి, లేకపోతే కుడి తలుపుకి కొట్టుకుని విరుగుతుంది. పిల్లలకి నేర్పించాల్సింది ఇదే.

వంటింటి_కొలత

అందరికీ చాలా థాంక్సండీ. గూడు 39 అంగుళాలు చేయించాం, లాఫ్ట్ ఎత్తించాం, ఎడమ పక్క బాటిల్ పుల్‌అవుట్ పెట్టిస్తున్నాం. ఫ్రెంచ్ డోర్, నీళ్లు పోసుకునే మోడల్. రెండు ఎవాపరేటర్లది బడ్జెట్ దాటింది, ఒకటున్నదే తీసుకున్నాం. ఫిట్టింగ్ రోజు ఏం చూసుకోవాలి?

ప్లైవుడ్_పద్దు

చక్రాల స్టాండ్ కొనకండి, ఆ బరువుకి వంగుతుంది. నేల మీదే పెట్టించండి. పడుకోబెట్టి తెచ్చారని తెలిస్తే నిలబెట్టి కొన్ని గంటలు ఆగి ఆన్ చెయ్యండి, కంప్రెసర్ ఆయిల్ దిగాలి.

లెవెల్ గొట్టం ఫ్రిజ్ పైన అడ్డంగా పెట్టి పక్కలు సమం చేయించండి. ముందు కాళ్లు తిప్పి ముందు భాగం వెనకకన్నా 5–6 మి.మీ. ఎత్తు ఉంచండి. అప్పుడు తలుపు సగం వదిలేసినా దానంతటదే మూసుకుంటుంది. రెండు తలుపుల పై అంచులు కలవకపోతే హింజ్ ముట్టుకోకండి ముందు. కిందికున్న తలుపు వైపు కాలు పావు చుట్టు చొప్పున పెంచుతూ చూడండి, ఎక్కువసార్లు అక్కడే సరిపోతుంది.

పది రూపాయల నోటు గ్యాస్కెట్‌లో పెట్టి తలుపు మూసి లాగండి. నాలుగు మూలలా పట్టుకుని రావాలి. వదులుగా వచ్చే చోట కొత్త ఫ్రిజ్ అయితే ప్యాకింగ్‌లో నలిగిన గ్యాస్కెట్ అయ్యుంటుంది, గోరువెచ్చని గుడ్డతో ఒత్తితే సర్దుకుంటుంది. లైట్లు వెలిగి చల్లదనం రాకపోతే కంగారుపడొద్దు, షోరూమ్ డెమో మోడ్‌లో ఉందేమో మాన్యువల్ చూసి తీసెయ్యండి. ఒక రోజంతా తిరిగాక, మధ్య షెల్ఫ్‌లో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ రాత్రంతా ఉంచితే 3–4 డిగ్రీలు చూపించాలి. డిస్‌ప్లే అంకె మనం పెట్టిన లక్ష్యం మాత్రమే.

వంటింటి_కొలత

మళ్లీ నేనే. బిగించాక కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు ఫ్రీజర్ మైనస్ 18లో ఉంటోంది కానీ పై గదిలో థర్మామీటర్ 10–11 చూపిస్తోంది, పాలు విరుగుతున్నాయి. వేరే సంగతి, ఆర్‌సీసీబీ అప్పుడప్పుడు పడిపోతోంది, ఎక్కువగా రాత్రుళ్లు. మళ్లీ ఎత్తితే నిలబడుతుంది. (విడి ఆర్‌సీబీఓ బిల్డర్ బోర్డులో చోటు లేదని ఇంకా పెట్టలేదు.) ఎలక్ట్రీషియన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పడదంటున్నాడు.

ఎర్త్_లైన్

ఎర్త్ పిన్ తీస్తే ఆర్‌సీసీబీ పడదు, నిజమే. లీకయ్యే కరెంటు అప్పుడు ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఆ మాట అన్నవారిని మళ్లీ పిలవకండి.

కాయిల్_కబుర్లు

అది వేరే సంగతి కాదండీ, నాకు రెండూ ఒకటే రోగంలా కనిపిస్తున్నాయి.

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు పట్టదని కాదు, పట్టిన మంచుని అదే కరిగించుకుంటుందని. కాయిల్ కింద డీఫ్రాస్ట్ హీటర్ ఉంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు తిరిగాక బోర్డు దాన్ని వెలిగిస్తుంది. ఆ హీటర్ ఇన్సులేషన్‌లోకి గానీ, దాని కనెక్టర్‌లోకి గానీ తడి చేరితే కరెంటు బాడీకి, అక్కణ్నుంచి ఎర్త్‌కి లీకవుతుంది. హీటర్ వెలిగిన కొద్దిసేపట్లో ఆర్‌సీసీబీ పడుతుంది. మీరు ఎత్తగానే నిలబడుతుంది, ఎందుకంటే కరెంటు పోయి వచ్చాక చాలా బోర్డులు గంటల లెక్క మొదటి నుంచి మొదలుపెడతాయి. మళ్లీ డీఫ్రాస్ట్ టైమ్ వస్తుంది, మళ్లీ పడుతుంది. చాలాసార్లు డీఫ్రాస్ట్ పూర్తికాదు. కాయిల్ మీద మంచు గోడ కడుతుంది, గాలి దూరదు. ఫ్రీజర్ ఆ మంచు పక్కనే ఉంది కాబట్టి కొన్నాళ్లు మైనస్ 18 నిలబెడుతుంది, పై గదికి మాత్రం గాలి అందదు. మీ రెండు లక్షణాలూ ఇందులో కలుస్తున్నాయి.

ముందు తేలికవి కొట్టేద్దాం. పై గది వెనక గోడలో గాలి వచ్చే రంధ్రాలకి గిన్నె ఆనించి ఉందా? ఫ్రీజర్ వెనక ప్యానెల్ మీద మంచు కనిపిస్తోందా, ఫ్యాన్ రెక్క దేనికో రాసుకుంటున్న శబ్దం వస్తోందా? ఇవి ఉంటే నా అనుమానం బలపడుతుంది. తర్వాత:

ప్లగ్ తీసి, లోపలివన్నీ ఖాళీ చేసి, తలుపులు తెరిచి 24 గంటలు వదిలెయ్యండి. ముందర పాత తువ్వాళ్లు పరచండి, అనుకున్నదానికన్నా ఎక్కువ నీళ్లు వస్తాయి. కత్తితో, చెంచాతో మంచు గీకొద్దు. కాయిల్‌లో ఉన్నది ఆర్600ఎ, మండే గ్యాస్, అల్యూమినియం గొట్టానికి చిన్న చిల్లు చాలు. ఈ 24 గంటల్లో ఆర్‌సీసీబీ ఒక్కసారీ పడకపోతే దోషం ఫ్రిజ్ వైపేనన్న అనుమానం బలపడుతుంది. తిరిగి ఆన్ చేశాక పై గది 4కి దిగి, వారం తిరగకుండా మళ్లీ 10కి ఎక్కితే డీఫ్రాస్ట్ సర్క్యూటే అని ఖాయం చేసుకోవచ్చు. ‘గ్యాస్ అయిపోయింది, నింపుతాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గ్యాస్ తగ్గితే ఫ్రీజర్ కూడా మైనస్ 18 పట్టదు.

వారంటీ ఉంది కాబట్టి ప్యానెల్ మీరు విప్పొద్దు. వచ్చే టెక్నీషియన్‌తో బలవంతపు డీఫ్రాస్ట్ (టైమ్ రాకముందే హీటర్ వెలిగించడం) పెట్టించండి, అప్పుడే ఆర్‌సీసీబీ పడితే దొంగ దొరికినట్టే. హీటర్ రెసిస్టెన్స్ మామూలు మల్టీమీటర్‌లో సరిగ్గానే కనిపిస్తుంది (200 వాట్లదైతే సుమారు 265 ఓమ్స్), అది చూసి ‘హీటర్ బాగుంది’ అనేస్తారు. చూడాల్సింది హీటర్ వైరుకి, బాడీకి మధ్య ఇన్సులేషన్. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) 2 మెగాఓమ్స్‌కి పైన రావాలి. మెగ్గర్ పెట్టేముందు హీటర్ కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీయమని గట్టిగా చెప్పండి, లేకపోతే బోర్డు కాలిపోతుంది.

వంటింటి_కొలత

మీరు చెప్పినట్టే. ప్లగ్ తీసి ఉంచినంతసేపూ ఆర్‌సీసీబీ పడలేదు. టెక్నీషియన్ బలవంతపు డీఫ్రాస్ట్ పెడితే కాసేపటికే పడింది. మెగ్గర్‌లో 0.02 మెగాఓమ్. కానీ ఆయన అనుమానం: 230 వోల్టులకి అది 11–12 మిల్లీ ఆంపియర్లే కదా, 30 మిల్లీ ఆంపియర్ల రేటింగ్ ఉన్న ఆర్‌సీసీబీ ఎందుకు పడాలి?

ఎర్త్_లైన్

30 అని రాసినది 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు, ప్రమాణం ప్రకారం అది సరే. ఇంట్లో ఇండక్షన్ స్టవ్, కంప్యూటర్, వాషింగ్ మెషీన్ ఫిల్టర్లు ఒక్కోటి కొంచెం కొంచెం ఎర్త్‌కి వదులుతూనే ఉంటాయి. ఆ 11 వాటితో కలిస్తే గీత దాటుతుంది. ఒక్కో రాత్రి పడి, ఒక్కో రాత్రి పడకపోవడం అందుకే. ఆ ఆర్‌సీబీఓకి చిన్న అదనపు బోర్డు పెట్టించి అయినా పని కానివ్వండి.

కాయిల్_కబుర్లు

హీటర్ మార్చేటప్పుడు పక్కనుండి చూడండి. కాయిల్ మీంచి కారే నీళ్లు కనెక్టర్‌లోకి పోకుండా వైరు కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లాలి. పాతది అలా లేకే తడిసి ఉండొచ్చు. పక్కనే ఉండే థర్మల్ ఫ్యూజ్ (వేడి మించితే హీటర్‌ని ఆపేది) కూడా కంటిన్యుటీ, అంటే కరెంటు దాటుతోందో లేదో చూడమనండి. ప్యానెల్ మూసేముందు కాయిల్ కింది డ్రెయిన్ రంధ్రంలో గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోయించి, వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి దిగుతున్నాయో లేదో చూడండి. బఠాణీ గింజో, కరివేపాకో అడ్డంపడితే అదే నీళ్లు ఫ్రీజర్ అడుగున పలకలా గడ్డకట్టి కొత్త హీటర్ ఉన్నా ఇబ్బంది పెడతాయి. మెగ్గర్ రీడింగ్, మార్చిన పార్టు నంబరు జాబ్ షీట్‌లో రాయించుకోండి. ఇదే ఫాల్ట్ మళ్లీ వస్తే విజిట్ చార్జీ గురించి వాదన ఉండదు.